కేవలం కల్పితం

శనివారం పత్రిక వచ్చేసరికి ఎవాల్ట్ నోవ్రాట్ పెరట్లో బంగాళాదుంపలకు సాళ్ళు తీస్తున్నాడు. హెట్టి కిటికీ తెరిచి పిలవలేదు. తనే నడిచి వచ్చింది. గిన్నెలు కడుగుతూ మధ్యలో వచ్చిందేమో, తడి అంటకుండా పత్రికను వేళ్ళ కొసలతో పట్టుకుంది.

"పడింది," అంది.

ఎవాల్ట్ పారను మట్టిలో గుచ్చి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని పత్రిక అందుకున్నాడు. నిండు పేజీ. అడుగున లావు అక్షరాలతో ఎవాల్ట్ నోవ్రాట్ అనీ, దాని పక్కనే గని కార్మికుడు అనీ వేశారు.

"పంటి డాక్టరు కథ రాస్తే పక్కన పంటి డాక్టరని వేస్తారా?" అంది హెట్టి.

"వెయ్యరు."

"మరి నీకెందుకు వేశారట?"

అతను నవ్వాడు. నవ్వుతూనే మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా, తను ఎన్నోసార్లు తిరగరాసిన కథనే ఎవరో రాసినట్టు నిలబడి చదివాడు. పొద్దుటి షిఫ్టు దిగి, తిండి తిని, హెట్టి బల్ల తుడిచాక అదే బల్ల మీద రాసిన కథ. యూనియన్ కరపత్రాల్లో పద్యాలూ చిన్న చిన్న ముక్కలూ ఎన్నో రాశాడు గానీ, ఎసెన్ నగరంలో అచ్చయ్యే పత్రిక అతనికి పేజీ ఇవ్వడం ఇదే మొదలు.

కథలో చనిపోయినవాడి పేరు మాక్స్. కాలనీలో ఆ పేరు ఎవరినీ మోసం చెయ్యదు. రెండేళ్ళ కిందట ఎవాల్ట్ పనిచేసే గనిలోనే పైకప్పు రాయి జారి ఆల్ఫోన్స్ సొబెక్ నడుం మీద పడింది. రాయి లేపే జాకీలు లోపలికి రావాలంటే బొగ్గు మోసే బెల్టు ఆపాలి. షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ పైకి ఫోను చేశాడు. షిఫ్టు బొగ్గు పూర్తిగా పైకి రానివ్వండి అని జవాబొచ్చింది. షిఫ్టు అయ్యేదాకా ఆల్ఫోన్స్ తల పక్కనుంచే బెల్టు పరుగెత్తుతూనే ఉంది. కూర్చునేందుకు కూడా ఎత్తు లేని ఆ సందులో ఎవాల్ట్ పక్కకు పడుకుని, స్నేహితుడి తలను తన చేతి మీద పెట్టుకున్నాడు. బెల్టు ఆగి జాకీలు వచ్చేసరికి ఆ తల బరువెక్కింది. విచారణ చేసినవాళ్ళు మాత్రం కార్మికుడు పైకప్పుకు ఊతలు సరిగ్గా నిలబెట్టలేదనీ, తప్పు అతనిదేననీ, రాయి పడగానే ప్రాణం పోయిందనీ రాశారు.

"రాయి పడగానే పోయాడని నాక్కూడా చెప్పావు," అంది హెట్టి. "మొగుడు పోయాడని ఆగ్నెస్‌కి చెప్పినప్పుడు నీ పక్కనే ఉన్నాను."

ఎవాల్ట్ పారను లాగి మళ్ళీ మట్టిలో దింపాడు.

"అచ్చు కాకముందు ఆగ్నెస్‌కి ఒక మాట చెప్పావా?"

"చెబుదామనే అనుకున్నా."

"అనుకున్నావా," అంది హెట్టి. పత్రికను మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

ఆ రోజు అతను సాళ్ళన్నీ తీశాడు. సాయంత్రం ఆగ్నెస్ ఇంటి వైపు బయల్దేరి, వీధి మలుపు దాకా వెళ్ళి, బీరు కొట్లోకి తిరిగాడు.

*

సోమవారం పొద్దున దీపాల గది దగ్గరికి అతను వెళ్ళేసరికి మాటలు ఆగాయి. టోపీ దీపం అందించే ముసలివాడు, ఎప్పుడూ తల ఎత్తనివాడు, ఆ రోజు తల ఎత్తి చూసి దీపాన్ని రెండు చేతులతో ఇచ్చాడు. లిఫ్టులో మనుషులు ఒకరి మీద ఒకరు ఇరుక్కుని నిలబడ్డారు. ఇనుప జాలీ మూసి, గంట కొట్టి, కడుపులో పేగులు పైకి లేచేలా లిఫ్టు జారాక చీకట్లోంచి ఒక గొంతు వినిపించింది.

"ఒరే రచయితా, నన్ను కూడా పెట్టరా కథలో. కాకపోతే కాస్త సన్నగా పెట్టు."

"నిన్ను పెడితే ఒక పేజీ చాలదురా, రెండు పేజీలడగాలి," అన్నారింకెవరో. లిఫ్టంతా నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదని ఎవాల్ట్‌కి తెలిసింది.

లోపల అతని జోడీ ఒట్టో వినెక్. వయసులో పెద్దవాడు, దుమ్ముతో గొంతు బొంగురుపోయినవాడు. ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ, కోత యంత్రం వెనకాలే ఇనుప ఊతలు నిలబెట్టుకుంటూ పోవాలి. ఊత నిలబెట్టి, చీలను సుత్తితో బిగించి, పైకప్పును గొడ్డలి వెనకతో కొట్టి చెవి పెట్టి వినాలి. రాయి ఖంగుమంటే మంచిది. డొల్లగా పలికితే పక్కకు తప్పుకోవాలి. మధ్యాహ్నానికి ముందు రొట్టె తినే వేళ వినెక్ దగ్గరికి జరిగాడు.

"ఆ రోజు నేను బెల్టుకి అవతలున్నాను, తెలుసుగా."

"తెలుసు."

"బెల్టు చప్పుడులో కూడా వాడి గొంతు వినబడింది. నా పెళ్ళానికి కూడా ఇంతవరకు చెప్పలేదు." నమిలే పొగాకు ఉండను పక్కకు ఉమ్మాడు. "నువ్వు రాసింది నిజం. ఆ రిపోర్టు కాదు. ఎవడడిగినా నేను చెప్తా."

ఎవాల్ట్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ మళ్ళీ బోర్లా తిరిగి పనిలో పడ్డారు.

షిఫ్టు దిగగానే, స్నానం చెయ్యనివ్వకుండానే, ఆఫీసు నుంచి కబురొచ్చింది.

మేనేజరు లూకెన్ గది మేడ మీద. మెట్ల మీద, తివాచీ మీద ఎవాల్ట్ బూట్లు నల్ల అచ్చులు వేశాయి. లూకెన్ లేచి నిలబడి చెయ్యి ఇచ్చాడు, మసి అని వెనక్కి తీసుకోలేదు. కుర్చీ చూపించాడు. ఎవాల్ట్ కూర్చోలేదు.

"మీ కథ చదివాను, నోవ్రాట్ గారూ. నా భార్య కూడా చదివింది. ఏడ్చింది."

ఎవాల్ట్ తివాచీ మీది తన నల్ల అచ్చుల వైపు చూశాడు.

"గొప్పగా రాశారు. అందుకే చిక్కొచ్చింది. చదివినవాళ్ళు నిజమనుకుంటున్నారు."

"నిజమే కదండీ."

"అది విచారణ తేల్చిన విషయం." లూకెన్ సొరుగు లాగి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు, ఎవాల్ట్ వైపుకి తిప్పి. "చిన్న ప్రకటన. ఇందులోని మనుషులూ సంఘటనలూ కేవలం కల్పితం, ఏ గనికీ ఏ వ్యక్తికీ సంబంధం లేదు, అంతే. వచ్చే శనివారం అదే పత్రికలో వస్తుంది. రచయితలు వేసుకునేదే. మీ గౌరవానికి లోటేమీ లేదు."

"ఒక్క మాట కూడా నేను కల్పించలేదండీ. పేరు తప్ప."

"ఆలోచించుకోండి. గురువారం దాకా టైముంది." లూకెన్ కిటికీ వైపు చూశాడు. కింద వరసగా కాలనీ ఇళ్ళు, ఒకే రంగు ఇటుకలు. "మీరుండే ఇల్లు గని ఇల్లే కదా? ఉద్యోగంతో పాటు వచ్చింది. ఉద్యోగం ఉన్నంత కాలం మీదే."

"బెదిరిస్తున్నారా?"

"లేదండీ," అన్నాడు లూకెన్. నిజంగానే నొచ్చుకున్నట్టు కనిపించాడు. "ఉన్నమాట చెబుతున్నాను."

*

హెట్టి విని, బల్ల మీది రొట్టె ముక్కలను అరచేత్తో ఒక దగ్గరికి ఊడ్చింది.

"సంతకం పెట్టకు," అంది.

ఎవాల్ట్ ఆశ్చర్యపోయాడు. ఏడుస్తుందని, కనీసం అరుస్తుందని అనుకుంటూ వచ్చాడు.

"ఇల్లు పోతుంది హెట్టీ."

"పోతే పోనీ. మా అక్క మేడ మీద గది ఖాళీగానే ఉంది. వర్షమొస్తే కారుతుంది, బక్కెట్లు పెడదాం." ముక్కలను కిటికీ బయట పిచ్చుకలకు విదిల్చింది. "ఇన్నేళ్ళు ఈ బల్ల మీద నువ్వు రాస్తుంటే నేను చప్పుడు కాకుండా గిన్నెలు కడిగాను. ఇప్పుడు అదంతా అబద్ధమని సంతకం పెడతావా? అలాగైతే నేను గిన్నెలన్నీ చప్పుడు చేస్తూనే కడుక్కునేదాన్ని."

అతను ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"దానికి ముందు ఆగ్నెస్ దగ్గరికి వెళ్ళు. ఆఫీసుకు భయపడవు గానీ, ఆ మనిషి గడప తొక్కడానికి భయపడుతున్నావు. నాకు కనబడటం లేదనుకోకు."

*

బుధవారం షిఫ్టు దిగి, తలకు నూనె రాసుకుని, ఆదివారపు చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఆగ్నెస్ తలుపు తీసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. వెనక్కి తిరిగి ఇస్త్రీ బల్ల దగ్గరికి నడిచింది. అతను తలుపు మూసి లోపలికొచ్చాడు. ఆమె చర్చి పీఠం మీద పరిచే గుడ్డలు ఇస్త్రీ చేస్తోంది. తెల్లటి పొడుగాటి గుడ్డలు, అంచున అల్లిక. నీళ్ళు చిలకరించి, వేళ్ళతో అల్లిక సాగదీసి, ఇస్త్రీపెట్టె మొన దాని వెంట నడిపిస్తోంది.

"చదివావా?" అన్నాడు.

"చర్చి మెట్ల మీద ఎవరో చదివి వినిపించారు. మొదట ఎవరి కథో అనుకున్నా. పాపం, ఎవరో ఆడమనిషి అనుకున్నా." గుడ్డ తిప్పింది. "పొగాకు ఎడమ బుగ్గన పెట్టుకుంటాడని రాశావు చూడు, అక్కడ తెలిసింది."

ఎవాల్ట్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నాకు ఒకటి చెప్పావు, ఊరికి ఇంకొకటి చెప్పావు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఏది నిజం?"

"ఊరికి చెప్పింది."

ఆమె ఇస్త్రీపెట్టెను దాని దిమ్మ మీద నిలబెట్టింది. రెండు చేతులూ గుడ్డ మీద ఆనించింది.

"ఆ పొద్దున నేను లేవలేదు. తనే రొట్టె కోసుకుని వెళ్ళాడు. రెండేళ్ళుగా నేను దేవుడితో పోట్లాడుతున్నాను ఎవాల్ట్. ఒక్క మాటైనా లేకుండా తీసుకుపోయావేమని. ఒక్క మాట. ఆ మాటలన్నీ నీ జేబులో ఉన్నాయి."

"చెప్పొద్దన్నాడు."

"ఎవరు?"

"వాడే. రాయి పడగానే పోయానని చెప్పు, ఇలా పడి ఉన్నానని దానికి తెలియకూడదు అన్నాడు. నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

"మరి ఒట్టు వేసి ఎందుకు రాశావు?"

"తప్పు వాడిదేనని రాశారు ఆగ్నెస్. వాడు ఊతలు ఎలా నిలబెట్టేవాడో నాకు తెలుసు. వాడి వెనక నడిస్తే నాకు భయమేసేది కాదు. అలాంటివాడిని పట్టుకుని..." అతను ఆగిపోయాడు. "ఊరుకోలేకపోయాను."

ఆగ్నెస్ ఎదురు కుర్చీలో కూర్చుంది. బల్ల మీది కాఫీ కుండ మూత సర్దింది.

"ఇంకేమన్నాడు? కథలో లేనివి చెప్పు."

అతను చెప్పాడు. పాదాలు చల్లగా ఉన్నాయన్నాడు, బూట్లు ఉన్నాయా అని అడిగాడు. పొయ్యి గొట్టం పగిలింది, చలికాలం లోపల మార్పించమన్నాడు. కూతురు రొస్వితాకి బూట్లు బిగుతయ్యాయి, అది చెప్పదు, నువ్వే చూడాలి అన్నాడు. ఓవర్‌మన్‌ని తిట్టాడు. ఒకసారి పోలిష్ భాషలో, వాళ్ళ నాయనమ్మ భాషలో, ఏదో అన్నాడు, అది ఎవాల్ట్‌కి అర్థం కాలేదు.

"నిన్ను కూడా తిట్టాడు."

"నన్నా? ఎందుకు?"

"పెళ్ళికి మీ అన్న సైకిలిస్తానని ఇవ్వలేదటగా. ఇంటిల్లిపాదీ అబద్ధాలకోరులే అన్నాడు."

ఆగ్నెస్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే వంకర తిరిగింది. ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఎవాల్ట్ తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. గాయాల్లో బొగ్గు దుమ్ము ఉండిపోయి చర్మం కింద నీలి గీతలు. ఎంత కడిగినా పోనివి.

ఆమె మొహం తుడుచుకుని మామూలు గొంతుతో అంది:

"రొస్వితా పడుకోవడం లేదు. మంచం మీద కూర్చునే నిద్రపోతోంది. పడుకుంటే పైకప్పు కనబడుతుందట."

ఎవాల్ట్ తల ఎత్తాడు.

"బళ్ళో ఒక ఆట మొదలుపెట్టారు. ఒకడు బెంచీ కిందకి దూరి మూలుగుతాడు. మిగతావాళ్ళు పక్కన నిలబడి బెల్టులాగా చప్పుడు చేస్తారు. మూలుగు ఆగేదాకా. దాని ముందే ఆడతారు." ఆమె అతని కళ్ళలోకి చూసింది. "నిన్న నన్నడిగింది. అమ్మా, నాన్న నన్ను పిలిచాడా, నేను వినలేదా అని."

వీధిలో ఎవరో తివాచీ దులుపుతున్న చప్పుడు.

"ఆఫీసువాళ్ళు ఏదో కాగితం ఇచ్చారటగా," అంది ఆగ్నెస్. "సంతకం పెట్టు."

"ఆగ్నెస్."

"కల్పితమని పెట్టు. అచ్చులో పడితే నేను చూపించి చెప్తాను, చూడవే, మామయ్య ఊరికే అల్లాడు, నాన్న రాయి పడగానే పోయాడు అని. అచ్చులో ఉంటే పిల్లలు నమ్ముతారు. మొదటిది నమ్మింది అందుకే కదా."

"అది పెడితే రిపోర్టే మిగులుతుంది. తప్పు వాడిదని. ఇంక ఎప్పటికీ ఎవరూ తిరగతోడరు. నేను మళ్ళీ నోరెత్తినా నమ్మరు."

"తెలుసు."

"వాడి పేరు మీద ఆ మచ్చ..."

"తెలుసన్నానుగా. నాకేం సంతోషమా? ఆయన పోయాడు, ఆ మచ్చ బరువు ఆయన మొయ్యడు. నేను మోస్తాను." ఆమె కాఫీ కుండను పక్కకు జరిపింది. "నాకు నిజం కావాలి. ఇప్పుడు చెప్పావు, దాచుకుంటాను. దానికి అబద్ధం కావాలి. నాకు ఇచ్చినట్టే దానికీ ఒకటి ఇవ్వు. నాకు నమ్మకంగానే చెప్పావు కదా, నీకు చేతనవును."

ఎవాల్ట్ లేచాడు. తలుపు దగ్గర ఆమె మళ్ళీ పిలిచింది.

"ఎందుకు పెట్టావో ఎవరికీ చెప్పకు. ఒక్కరికి చెప్పినా అది తిరిగి తిరిగి బళ్ళోకే చేరుతుంది."

*

గురువారం లూకెన్ కలం మూత తీసి అందించాడు. ఎవాల్ట్ ఈసారి స్నానం చేసే వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. కాగితం చదివి, పేరు రాశాడు. తన పేరును ఎప్పుడూ అంత నెమ్మదిగా రాయలేదు.

"మీ భార్యకు నా నమస్కారాలు చెప్పండి," అన్నాడు లూకెన్. తేలికపడ్డ మనిషిలా, నిజమైన అభిమానంతో అన్నాడు. "మీకు మంచి ఊహ ఉంది, నోవ్రాట్ గారూ. దాన్ని పాడు చేసుకోకండి. మా గని పత్రిక ఉంది కదా, క్రిస్మస్‌కి ఏదైనా రాసివ్వండి. సంతోషంగా ఉండేది."

ఇంట్లో హెట్టి అతని మొహం చూసి గ్రహించింది.

"ఇంటి కోసమా?"

"పిల్ల కోసం."

ఆమెకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక కాఫీ పోసి అతని ముందు పెట్టి, పక్కన కూర్చుంది. సాయంత్రం దాకా ఇద్దరూ ఆ బల్ల దగ్గరే ఉన్నారు. దాని మీద రాసుకునే కాగితాలేవీ లేవు.

*

ప్రకటన శనివారం మూడో పేజీలో, అమ్మకానికున్న పియానోల కింద వచ్చింది. సోమవారం దీపాల గది ముసలివాడు తల ఎత్తకుండా దీపం తోశాడు. లిఫ్టులో ఎవరూ ఏమీ అనలేదు. రొట్టె తినే వేళ వినెక్ తన డబ్బా తీసుకుని బెల్టుకి అవతలికి పాకి, అక్కడ తిన్నాడు.

ఎవాల్ట్ అతని వెనకాల వెళ్ళాడు.

"ఒట్టో."

"నా పెళ్ళానికి చెప్పాను," అన్నాడు వినెక్, రొట్టె వైపు చూస్తూ. "శుక్రవారం కూర్చోబెట్టి అంతా చెప్పాను. వాడు రాశాడు, ఇంక నేనెందుకు దాచాలి అని. మర్నాడు పత్రిక తెచ్చి నా ముందు పెట్టింది. మీ ఇద్దరిలో అబద్ధమాడింది ఎవరు అనడిగింది."

"నేను..."

"చెప్పు. ఎంతకి పెట్టావు సంతకం? ఇల్లా? ఇంకేమైనా ఇచ్చారా?"

ఎవాల్ట్ నోరు తెరిచాడు. చెబితే ఈ మనిషి నమ్ముతాడు. ఇంటికెళ్ళి పెళ్ళానికి చెబుతాడు, ఆమె కొట్టు దగ్గర చెబుతుంది.

"ఇల్లు," అన్నాడు.

వినెక్ తల ఊపాడు, అంతే కదా అన్నట్టు.

షిఫ్టు దిగాక స్నానాల గదిలో ఆవిరి కమ్మింది. పైకప్పు నుంచి గొలుసులకు వేలాడుతున్న బట్టల కింద, నల్లటి మనుషులు వరసలో నిలబడి తెల్లబడుతున్నారు. ఎవరి వీపు వాళ్ళకు అందదు గనక ముందున్నవాడి వీపును వెనకున్నవాడు రుద్దుతాడు. ఒకరినొకరు అడగరు. వీపు కనబడితే సబ్బు వేసి రుద్దడమే. తగువు పడ్డవాళ్ళు కూడా రుద్దుకుంటారు. ఎవాల్ట్ వరసలో నిలబడి ముందువాడి వీపు మీద చెయ్యి వేశాడు. ఆ మనిషి ఒక అడుగు జరిగాడు. వెనక ఎవరూ రాలేదు. అతను నీళ్ళ కింద చాలాసేపు నిలబడ్డాడు. నీళ్ళు చల్లబడ్డాక, మసి వీపు మీదే చొక్కా తొడుక్కున్నాడు.

ఇంటి దారిలో, ఆగ్నెస్ ఇంటి ముందు కాలిబాట మీద రొస్వితా సుద్దముక్కతో గీసిన గడుల్లో ఒంటికాలి మీద గెంతుతోంది. అతన్ని చూసి రెండో కాలు కింద పెట్టింది. కళ్ళ కింద నలుపు కాస్త తగ్గినట్టే ఉంది.

"ఎవాల్ట్ మామయ్యా, నువ్వు అదంతా ఊరికే రాశావటగా. అమ్మ చూపించింది."

"అవునమ్మా."

"నాన్న వెంటనే పోయాడా?"

"వెంటనే. రాయి పడింది, అంతే. ఏమీ తెలియలేదు."

"నన్ను పిలవలేదా?"

"పిలిచే టైము లేదమ్మా. పిలిస్తే నేను వినేవాణ్ణి కదా. పక్కనే ఉన్నాను."

ఆ పిల్ల పెద్దగా ఊపిరి వదిలింది. గెంతడానికి గడి వైపు తిరిగి, ఆగి, మళ్ళీ అతని వైపు చూసింది. నొసలు ముడిపడింది.

"మరి అంత చెడ్డగా ఎందుకు రాశావు? నీకు మా నాన్నంటే ఇష్టం లేదా?"

ఎవాల్ట్ చొక్కా వీపుకి అతుక్కుని ఉంది.

"తప్పయింది," అన్నాడు చివరికి.

"ఇంకెప్పుడూ రాయకు."

"రాయను."

రొస్వితా చెయ్యి చాపింది, పెద్దవాళ్ళు మాట ఇచ్చుకునేటప్పుడు చాపినట్టు. ఎవాల్ట్ తన చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, ఆ సుద్ద అంటిన చిన్న చేతిని పట్టుకున్నాడు. ఆ పిల్ల గట్టిగా ఒకసారి ఊపి వదిలేసి, రాయి విసిరి, ఒంటికాలి మీద గడులు దాటుకుంటూ వెళ్ళింది.